మా వంటింట్లో వెనక వరుస తీసేశాం

మొన్న మార్చిలో ప్రగతినగర్‌లో మా ఫ్లాట్ చేతికొచ్చింది, టూ బీహెచ్‌కే, వంటగది 8 అడుగులు బై 9న్నర, పక్కన చిన్న యుటిలిటీ. ముందు మాడ్యులర్ కిచెన్ చేయించుకో మిగతావి తర్వాత చూసుకోవచ్చు అని అందరూ ఒకటే మాట. సరేనని ఒక షోరూమ్‌కి వెళ్తే అరగంటలో కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మ గీసి చూపించాడు అక్కడి అబ్బాయి, తెల్లగా మెరిసిపోతోంది, ప్లాట్‌ఫాం మీద ఒక గాజు కూజా, రెండు నిమ్మకాయలు, అంతే. 2 లక్షల 80 వేలు అన్నాడు. బియ్యం డ్రమ్ము ఎక్కడ పెట్టుకోవాలి బాబూ అంటే మౌస్ కాసేపు అటూ ఇటూ తిప్పి "యుటిలిటీలో పెట్టుకోవచ్చు మేడమ్" అన్నాడు. జాడీలు? యుటిలిటీ. గ్రైండర్? యుటిలిటీ. అక్కడ వాషింగ్ మెషిన్ పెడితే మనిషి పక్కకి తిరిగి నిలబడాలి, ఇంక ఇవన్నీ ఎక్కడ పెట్టాలో. కోట్ తీసుకుని బయటికొచ్చేశాం.

అసలు నా బాధ చోటు లేకపోవడం కాదు, అది అప్పటికి నాకూ సరిగ్గా తెలీదు. అంతకుముందు అద్దెకున్న ఇంట్లో ప్లాట్‌ఫాం కింద అరలు 24 అంగుళాల లోతు, స్టీలు డబ్బా అడ్డంగా 6, 7 అంగుళాలు ఉంటుంది కదా, అంటే ఒకదాని వెనక ఒకటి మూడు వరుసలు పడతాయి. మొదటి వరుస కనిపిస్తుంది, రెండోది గుర్తుంటుంది, మూడోది దేవుడికే తెలుసు. ఇల్లు మారదామని సర్దడం మొదలుపెట్టినప్పుడు మూడో వరుసలోంచి సేమియా ప్యాకెట్లు నాలుగు, పురుగు పట్టిన ఉప్మారవ్వ, ఎప్పుడో అయిపోయిందనుకుని మళ్లీ మళ్లీ కొన్న మెంతుల ప్యాకెట్లు మూడు బయటపడ్డాయి, మెంతులు ఒక ఇంటికి అర కిలో ఎందుకు చెప్పండి. అప్పుడే మా ఆయనతో అన్నా, కొత్త ఇంట్లో ఏ వస్తువు వెనకా ఇంకో వస్తువు ఉండకూడదు, అది ఒక్కటి కుదిరితే చాలు తలుపులు ఏ రంగులో ఉన్నా నాకు ఫర్వాలేదని.

కార్పెంటర్‌తోనే చేయిద్దామని డిసైడ్ అయ్యాక మొదట చేసిన పని గోడలు కొలవడం కాదు, సామాన్లు లెక్కపెట్టడం. ఒక ఆదివారం పాత ఇంట్లో హాల్లో దుప్పటి పరిచి వంటింట్లో ఉన్నదంతా తెచ్చి దాని మీద పెట్టాం. మా అత్తయ్య తెనాలి నుంచి మా దగ్గరికే వచ్చేశారు, ఆవిడ సామాను కూడా కలిసింది, అంటే రెండు సంసారాల సరుకు. రోజూ వాడేవి, వారానికోసారి తీసేవి, పండక్కి దింపేవి, అసలు ముట్టుకోనివి అని నాలుగు కుప్పలు. నాలుగో కుప్పే అన్నిటికన్నా పెద్దది! మూతల్లేని టిఫిన్ బాక్సులు, బాక్సుల్లేని మూతలు, హార్లిక్స్ సీసాలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు అయితే పదకొండు. పారేద్దాం అత్తయ్యా అంటే "ఉండనీ అమ్మాయ్, ఎప్పుడో అప్పుడు పనికొస్తాయ్" అన్నారు, ఆ మాటకి ఎదురు చెప్పే ధైర్యం నాకు పెళ్లయి పదకొండేళ్లయినా రాలేదు.

ఇంకో పని కూడా చేశాను, మా ఆయన ఇప్పటికీ నవ్వుతారు దానికి. ప్రతి డబ్బాకీ చిన్న కాగితం ముక్క అంటించి, తీసినప్పుడల్లా పెన్సిల్‌తో ఒక గీత పెట్టండి ఒక్క వారం అన్నాను. "వంట చెయ్యనా పద్దులు రాయనా" అని అత్తయ్య విసుక్కున్నారు గానీ రాశారు పాపం. పోపుల డబ్బా గీతలు రెండో రోజుకే లెక్క తప్పాయి, వదిలేశాం. దాని తర్వాత ఎక్కువ సార్లు తీసింది కందిపప్పు అనుకుంటారు కదా, కాదు, పంచదార! అంతా టీల పుణ్యం. పట్టకారు, అట్లకాడ ఇంచుమించు పోపుల డబ్బాతో సమానం. పెళ్లికి వచ్చిన శాండ్‌విచ్ మేకర్ సున్నా, ఓవెన్ సున్నా, ఈ రెండూ మాత్రం పాత ఇంట్లో చేతికి అందే ఎత్తులో దర్జాగా కూర్చున్నాయి, రోజూ వాడే పప్పు డబ్బా కోసం నేను వంగి మోకాళ్ల మీద కూర్చునేదాన్ని.

తర్వాత అత్తయ్యని తీసుకుని ఖాళీ ఫ్లాట్‌కి వెళ్లాను, చేతిలో సుద్దముక్క, టేపు. ప్లాట్‌ఫాం బిల్డర్ వేసిందే, నేల నుంచి 33 అంగుళాలు, గ్రానైట్ పైన, కింద కడప బండలు నిలబెట్టి అడ్డాలు. పొయ్యి ఇక్కడ అని గుర్తు పెట్టి అత్తయ్యా వంట చెయ్యండి అన్నా. ఆవిడ ముందు సిగ్గుపడ్డారు, తర్వాత మొదలుపెట్టారు, ఇదిగో మూకుడు పెట్టా, నూనె పోశా, ఇప్పుడు ఆవాలు అని చెయ్యి కుడి పక్కకి నడుము కిందకి వెళ్లింది, చూడకుండానే. సరిగ్గా అక్కడ సుద్దతో గీత గీశా, పోపుల డబ్బా సొరుగు అదే అని. పైకి చెయ్యి ఎత్తమంటే వేళ్ల కొసలు 6 అడుగుల దగ్గర ఆగాయి, ఆవిడ ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు, అదీ గోడకి ఆనుకుని నిలబడితే, మధ్యలో ప్లాట్‌ఫాం అడ్డం వస్తే ఇంకో నాలుగు అంగుళాలు తగ్గింది. అంటే పై అల్మరాల్లో మొదటి అర ఒక్కటే ఆవిడది, ఆపైన ఏం పెట్టినా నేనో మా ఆయనో తీసివ్వాల్సిందే. షోరూమ్ బొమ్మలో ఈ లెక్క ఎక్కడుంది?

కార్పెంటర్‌ని అన్న అనే పిలుస్తాం, ఆయనది నల్గొండ దగ్గర ఊరు, పని బాగా తెలిసిన మనిషి, టైమ్ ఒక్కటే తెలీదు. నేను బాస్కెట్ల, అంటే సొరుగుల్లా లాగే స్టీలు బుట్టల కొలతలు రాసుకుని వెళ్లాను, షాపుల్లో వెడల్పు 15, 17, 19, 21 అంగుళాలు అని ఉంటాయి. మా కడప బండల మధ్య ఒకచోట సరిగ్గా 21 ఉంది, ఎంత బాగా కుదిరిందో అని 21 బాస్కెట్ రాశా. ఆయన కాగితం చూసి నవ్వాడు, "అక్కా, బండకు బండకు నడుమ ఇరవై ఒకటి ఉన్నదని ఇరవై ఒకటి బాస్కెట్ కొనుక్కొస్తే ఏడ వెడ్తవ్" అన్నాడు. రెండు పక్కలా 18 ఎంఎం ప్లై వస్తుంది, అది అంగుళంన్నర దాకా తినేస్తుంది, బాస్కెట్ జారే పట్టాలు, అదే చానెళ్లు, పక్కకి అర అంగుళం చొప్పున ఇంకో అంగుళం, మిగిలేది 18న్నర, అంటే పట్టేది 17 బాస్కెట్టే. ఇది చెప్పకపోతే 19 వేలు పెట్టి పట్టని బాస్కెట్లు కొని తెచ్చేదాన్ని. మీరెవరైనా కొనేముందు ఈ లెక్క వేసుకోండి ప్లీజ్.

ఎత్తు లెక్క మాత్రం నాదే, ఇది గొప్ప కోసం చెప్తున్నా. ప్లాట్‌ఫాం కింద నుంచి నేల దగ్గరి స్కర్టింగ్ పట్టీ దాకా 27 అంగుళాలు వచ్చింది. మామూలుగా అయితే దాన్ని సమానంగా మూడు చేసేస్తారు, 9, 9, 9. మా డబ్బాలు కొలిస్తే పెద్దవి 11, మధ్యవి 8, పోపుల డబ్బా 3, సమానంగా చేస్తే పెద్ద డబ్బాలు ఎందులోనూ పట్టవు, పోపుల డబ్బా మీద అర అడుగు గాలి. అందుకే 6, 9, 12 చేయించా. పైదాంట్లో పోపుల డబ్బా, గరిటెలు, పట్టకారు. మధ్యదాంట్లో పప్పులు, పంచదార, టీపొడి. కిందదాంట్లో పిండ్లు, రవ్వలు. సొరుగు లాగితే అన్నీ ఒకేసారి పైనుంచి కనిపిస్తాయి, కాబట్టి పేర్లు డబ్బా పక్కన కాదు మూత మీద రాయాలి, ఇది రెండు రోజులు వాడాక గానీ తట్టలేదు. రెండో క్లాసు చదివే మా అమ్మాయి రాసింది లేబుల్స్, "కంధిపప్పు" అని ఒత్తు పెట్టి. మార్చలేదు, అలాగే ఉంచాం.

ప్లై విషయంలో పెద్దగా బుర్ర పెట్టలేదు, వంటింటికి ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ తీసుకున్నాం, నీళ్లకి తట్టుకునేది, మెరైన్ అంటారే అదే. సింకు కింద మాత్రం చెక్కే వద్దన్నా, పాత ఇంట్లో పైపు చెమర్చి అడుగు పలక అప్పడంలా ఉబ్బింది. అక్కడ బాస్కెట్ కూడా లేదు, చెత్తబుట్ట, ఆర్ఓ పైపు, అంతే. బాస్కెట్లు 304 గ్రేడు స్టీలువి తీసుకున్నా, 202 గ్రేడు తక్కువకే వస్తుంది గానీ ఉప్పు తడి తగిలితే మచ్చలు పడుతుంది. అయస్కాంతం పెట్టి చూస్తే తేడా తెలుస్తుందని షాపులో ఒకాయన చెప్పాడు, రెండూ పెద్దగా అంటుకోవు, దాన్ని నమ్ముకోవద్దు, బిల్లు మీద 304 అని రాయించుకోవడమే మేలు.

గ్యాస్ బండ దగ్గర ఒక గొడవ అయింది. తలుపుకి జాలీ పైన పెట్టాడు అన్న, అందంగా ఉంటుందని. నేను కింద పెట్టమన్నా, వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదకే దిగుతుంది, పైన జాలీ ఉండి ఏం లాభం. "ఇన్నేండ్లల్ల ఎవ్వరడగలేదక్కా" అన్నాడు గానీ కింద కూడా కోశాడు. బండ నిండా ఉంటే గ్యాసు 14.2 కిలోలు, ఇనుము ఇంకో పదిహేనో పదహారో, ముప్ఫై కిలోలు ఎవరు లాగుతారు, అందుకే చక్రాల ట్రాలీ, దాని మీద అర ఏమీ లేకుండా వదిలేశాం.

బియ్యానిది ఇంకో కథ. కింద బటన్ నొక్కితే బియ్యం పడే డిస్పెన్సర్ ముచ్చటపడి కొన్నా, 25 కిలోలది. బస్తా చూస్తే 26 కిలోలు! 2022 జులైలో 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యానికి జీఎస్టీ వేశాక మిల్లుల వాళ్లు 26 కిలోల బస్తాలు తెచ్చారు కదా, ఆ మిగిలిన ఒక్క కిలో ప్రతి నెలా ఒక ఐస్‌క్రీమ్ డబ్బాలోకి వెళ్తోంది. అత్తయ్య ఏమీ అనలేదు, నవ్వుతూ ఆ డబ్బా నా చేతికిచ్చారంతే.

జాడీల చోటు మాత్రం ఆవిడే తేల్చారు. ఆవకాయ, మాగాయ, గోంగూర మూడూ పొయ్యికీ సింకుకీ దూరంగా అవతలి గోడ చివర, కడప బండ అర మీద. అక్కడ ప్లై కూడా వేయనివ్వలేదు, రాయి చల్లగా ఉంటుంది, బరువుకి వంగదు, నూనె కారితే తుడిస్తే పోతుంది అని. అన్న ఆ బండ కోసేద్దాం అన్నాడు, ఆవిడ దాని ముందు నుంచి కదల్లేదు. ఇప్పుడు మొత్తం వంటింట్లో ఒక్క రిపేరూ రాని అర అదే.

తప్పులు చేయలేదా అంటే చేశాం. పొయ్యి పక్కన 6 అంగుళాల సన్నటి బాటిల్ పుల్ అవుట్, అంటే సీసాలు పెట్టి బయటికి లాగే అర, పెట్టించా, ఫొటోల్లో భలే ఉంటుంది, మా 5 లీటర్ల నూనె క్యాన్ అందులో పట్టదు, లీటరు ప్యాకెట్లు నిలబడవు, ఇప్పుడు దాంట్లో అగరబత్తీలు ఉన్నాయి. ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరిస్తే పక్క సొరుగు బయటికి రాదు, ఫ్రిజ్ డోర్ తెరిచి కొలవాలని ఎవరికీ తట్టలేదు. మూల అల్మరాకి తిరిగే రాక్ వేయాలంటే పద్దెనిమిది వేలు అన్నారు, ఒక్క మూలకి అంతా అని వదిలేశాం, అక్కడ మాత్రం ఇంకా చీకటీ వెనక వరుసా రెండూ ఉన్నాయి. హ్యాండిల్స్ అయితే వారం తిరక్కుండానే మార్చాల్సి వచ్చింది, కొక్కెంలా బయటికి వచ్చే డిజైను, అత్తయ్య చీర కొంగు తగులుకుని చేతిలో పాల గిన్నెతో పడబోయారు. చీర కట్టుకునేవాళ్లు ఇంట్లో ఉంటే హ్యాండిల్ చివరలు తలుపువైపు వంగి మూసుకుపోయేవే పెట్టించండి.

లెక్క చెప్పాలంటే ప్లై, లామినేట్లు 68 వేలు, బాస్కెట్లు చానెళ్లు కీళ్లు 41 వేలు, కూలి 52 వేలు, చిల్లర ఇంకో 5 వేలు, చిమ్నీ వేరే. 15 రోజులన్నది 37 రోజులు పట్టింది, మధ్యలో అన్న ఊళ్లో బోనాలని వెళ్లి వారం ఫోనెత్తలేదు.

అటక తలుపులు రెండు ఇంకా బిగించలేదు. పైన ఇత్తడి బిందెలు, జంతికల గొట్టం, ఆవకాయ కలిపే పెద్ద బేసిన్, ఆ శాండ్‌విచ్ మేకర్ అన్నీ హాల్లోకి కనిపిస్తూనే ఉన్నాయి. ఫోన్ చేస్తే "రేపొస్తనక్కా" అంటాడు, ఆ రేపు వచ్చి మూడు వారాలైంది. నిన్న ఆఫీసు నుంచి వచ్చి చూస్తే అత్తయ్య మా ఆయన్ని స్టూలెక్కించి అటక మొత్తానికి పాత వెంకటగిరి చీర ఒకటి తెరలా కట్టించేశారు.