తుమ్మలపల్లె గొర్రెలు, చెర్నోబిల్ కప్పలు

మా కడప జిల్లాలో తుమ్మలపల్లె యురేనియం గని ప్రస్తావన వచ్చినప్పుడల్లా, రేడియేషన్ సోకితే జీవాలు ఈడుకు ముందే ముసలివైపోతాయా అని కాపరులు అడుగుతుంటారు. నిజానికి ఆయుష్షు తగ్గడం వేరు, ముసలితనం ముందుగా రావడం వేరు. ప్రయోగశాలల్లో దీర్ఘకాలం గామా కిరణాలకు గురైన ఎలుకల ఆయుష్షు తగ్గినచోట, కోసి పరీక్షిస్తే బయటపడిన కారణం చాలావరకు కంతులే తప్ప, అవయవాలన్నీ ఒక్కుమ్మడిగా వడలిపోవడం కాదు. రేడియేషన్ డీఎన్ఏ పోగులను తెంపుతుందన్నది నిజమే. అయితే అదే మోతాదు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా అందినప్పుడు, తెగిన పోగులను అతికించుకునే వ్యవధి కణానికి దొరుకుతుంది.

అణువిద్యుత్ కేంద్రం ప్రమాదానికి గురైన ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ చుట్టుపక్కల బతికే చెట్టుకప్పలపై 2024లో వెలువడిన అధ్యయనం నాకు ఎంతో నచ్చింది. చలికాలంలో కప్ప పెరుగుదల ఆగిపోయి ఎముకలో ఒక గీత పడుతుంది. కాలివేలి ఎముకను పలుచగా కోసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శిని కింద ఆ గీతలను లెక్కిస్తే, మన కాపరి పెదవి పైకెత్తి రెండు పళ్లా నాలుగు పళ్లా అని చూసి గొర్రె ఈడు చెప్పినట్టే, కప్ప వయసు తేలుతుంది. వయసుతో పాటు, క్రోమోజోముల కొసలను కాస్తూ ముసలితనంతో కురచయ్యే టెలోమియర్ల పొడవును, ఒత్తిడి హార్మోనును కూడా కొలిచిన పరిశోధకులకు, కప్పలకు అందిన రేడియేషన్‌తో వీటిలో దేనికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. 2021లో, జపాన్‌లో అణుప్రమాదం జరిగిన ఫుకుషిమా అడవిపందుల టెలోమియర్ల విషయంలోనూ ఇంచుమించు ఇదే తేలింది. చెర్నోబిల్ ఎలుకజాతి జీవులైన బ్యాంక్ వోల్స్‌లో మాత్రం కొన్ని కణజాలాల్లో టెలోమియర్లు కురచగా ఉన్నాయి. ఇక 1986 ప్రమాదం జరిగిన తొలి వారాల్లో ఉన్న తీవ్రత ఇప్పుడు లేదు: అప్పుడు వెలువడిన రేడియోధార్మిక పదార్థాల్లో అయోడిన్-131 అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) 8 రోజులే, సీజియం-137కు మాత్రం సుమారు 30 ఏళ్లు.

కాబట్టి కప్పల ఫలితాన్ని ఇక్కడి గొర్రెలకు నేరుగా అంటగట్టలేము. మన పొట్టేళ్లు ముసలితనం దాకా బతకవు, అంతకు ముందే సంతకు పోతాయి. మిగిలిన ముసలి గొర్రెల ఈడును పళ్లను బట్టే చెబుతాము. రాయలసీమ బోరునీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. అది పళ్లకు గారపట్టించి, తొందరగా అరగదీసి, నడివయసు గొర్రెను ముసలిదిగా చూపిస్తుంది. నీటిలో యురేనియం కలిసినా, దాని రేడియేషన్ కంటే ముందు రసాయనంగా మూత్రపిండాలను దెబ్బతీసే గుణాన్నే అనుమానించాలి. అందుచేత, నా దృష్టిలో, ముందుగా చేయవలసింది మంద నీళ్లు తాగే బోరులో ఫ్లోరైడ్‌నూ యురేనియాన్నీ విడివిడిగా పరీక్షించడం.