ఐసీయూలో ఆ రెండో రాత్రి

2022 జులై వరద గుర్తుందిగా, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా లంకలో గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలడానికి మూడ్రోజులు నడుంలోతు నీళ్ళలో తిరిగాను, మడమల పగుళ్ళతోనే. నీళ్ళు తీశాక జ్వరం, పిక్కలు పిండేస్తున్నట్టు నొప్పి. దగ్గర్లో డాక్టర్ వైరల్ అని పారాసిటమాల్ రాసి పంపేశాడు, వరద నీళ్ళలో దిగారా అని ఒక్క ముక్క అడగలేదు, ఆ కోపం నాకు ఇంకా పోలేదు. కళ్ళు పచ్చబడి యూరిన్ ఆగిపోయాక కాకినాడ తీసుకెళ్తే లెప్టోస్పైరోసిస్, ఎలుక జ్వరం అన్నారు, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు పగుళ్ళలోంచి ఒంట్లోకి పోతే వస్తుందంట. రెండుసార్లు డయాలసిస్, ఇంజక్షన్లు, అవన్నీ అయ్యాయి.

నన్ను వదలంది ఐసీయూలో రెండో రాత్రి. కార్గిల్ అప్పుడు నేను కాశ్మీర్‌లో ఒక ఎయిర్‌బేస్‌లో ఫ్లయింగ్ ఆఫీసర్‌ని, కంట్రోల్ టవర్‌లో డ్యూటీ. విమానాలు ఎన్ని లేచాయి ఎన్ని దిగాయి, టైముతో సహా రాసుకోవాలి. 1999 మే 27న రెండు ఫైటర్లు పోయాయి, 28న మి-17 హెలికాప్టర్, అందులో నలుగురు. అది మా బేస్‌ది కాదు, అయినా ఆ కబురు విన్న రాత్రి రేడియో దగ్గర్నుంచి లేవలేకపోయాను. ఐసీయూలో మానిటర్ బీప్‌మంటుంటే నాకు అదే రేడియో అనిపించి, నలుగురింకా దిగలేదు, లైట్లు ఆపకండి అని అరుస్తూనే ఉన్నానంట.

కుర్ర డాక్టర్ మా తమ్ముడితో అన్నాడు, "యుద్ధం సినిమాలు బాగా చూస్తారా అండి మీ అక్కగారు? ఆ రోజుల్లో ఆడవాళ్ళని ఎక్కడ పంపారు?" అని. నాకు ఆ మాట స్పష్టంగా వినబడింది, నోరు పెగల్లేదు. మా తమ్ముడికి అన్నీ తెలుసు, వాడూ మాట్లాడలేదు. డబ్బు కట్టింది వాడే, పది రాత్రులు వరండాలో పడుకున్నదీ వాడే, అయినా ఆ ఒక్క మాట చెప్పనందుకు వాణ్ణి ఇప్పటికీ క్షమించలేకపోతున్నా.

నైట్ డ్యూటీ నర్సమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని "ఆయ్, దిగిపోయారమ్మా, నలుగురూ దిగిపోయారు, మీరు పడుకోండి" అంది. అప్పుడు నిద్రపోయానంట.

ఇప్పుడు క్రియాటినిన్, అదే కిడ్నీల రక్తపరీక్ష, నార్మల్. మీరు మాత్రం వరద నీళ్ళలో దిగి జ్వరమొస్తే డాక్టర్ అడిగినా అడక్కపోయినా ఆ మాట ముందే చెప్పండి, పగుళ్ళుంటే బూట్లు లేకుండా దిగొద్దు. నేను భీష్మ ఏకాదశికి అంతర్వేది వెళ్తానని మొక్కుకున్నా. నరసింహస్వామి దగ్గర నా పేరున ఒక కొబ్బరికాయ, నర్సమ్మ పేరున ఒకటి, ఆ నలుగురి పేరున నాలుగు.