చిత్తూరు నుంచి ఢిల్లీకి, అయినవాళ్ల ఇళ్ల మీదుగా

ఢిల్లీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి ఎప్పుడూ రైలులో వెళ్లే మేమిద్దరం, ఈసారి చిత్తూరు నుంచి కారులోనే బయలుదేరడానికి కారణం దారి పొడవునా ఉన్న ఆత్మీయులే. పీలేరు, రాయచోటి, కడప మీదుగా కర్నూలు చేర్చే 40వ నంబరు జాతీయ రహదారి మీద, నంద్యాలలో మా పెద్దమ్మ ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో ఏ శుభకార్యానికీ రాలేకపోతున్న ఆమె, మేము వద్దంటున్నా వినకుండా పొయ్యి దగ్గర కూర్చుని, జొన్నరొట్టె తట్టి పెనం మీద వేసి, పైన తడిచేత్తో నీళ్లు అద్దుతూ, మా ఆవిడ పుట్టింటివారి క్షేమం పేరుపేరునా అడిగింది. ఫోనులో ఎంత మాట్లాడుకున్నా ఆ తృప్తి రాదని నా గట్టి నమ్మకం.

కర్నూలు నుంచి 44వ నంబరు రహదారి పట్టాం. శ్రీనగర్‌ను కన్యాకుమారితో కలిపే ఈ దారి దేశంలోకెల్లా పొడవైనది. హైదరాబాదులో బావమరిది ఇంట్లో రాత్రి నిద్ర చేసి, సోన్ వద్ద గోదావరిని, ఆదిలాబాద్ తరువాత పెన్‌గంగను దాటి నాగపూర్‌లోని మిత్రుడి ఇల్లు చేరుకున్నాం. ఆపైన పెంచ్ అడవిలో, వన్యప్రాణులు కింది నుంచి సాగిపోయేలా రహదారిని వంతెనలపైకి ఎత్తి కట్టిన తీరు మా ఆవిడకు ఎంతగానో నచ్చింది. (రాత్రివేళ ప్రయాణం మాత్రం పెట్టుకోలేదు, మా వయసువారెవరికైనా అదే మేలు.) అయినవాళ్లెవరూ లేని ఝాన్సీ, గ్వాలియర్‌లలో ఎక్కువసేపు ఆగక, ఆగ్రాలో అమ్మాయికి ఇష్టమైన బూడిదగుమ్మడి మిఠాయి పేఠా కొనుక్కుని ఢిల్లీ చేరాం.