ఫారం లోపలి బటన్ పరువు తీసింది: వెబ్ డెవలపర్ ఉద్యోగం దాకా నా అనుభవం

శుక్రవారం ఆఫర్ లెటర్ వచ్చింది. ఆ సంతోషంలోనే ఒళ్లు మండిన సంగతి కూడా రాసేస్తున్నా.

మాది గుంటూరు, బ్రాడీపేట. పేజీ కట్టడానికి హెచ్‌టీఎంఎల్, దాని సోకుకు సీఎస్‌ఎస్, రెండూ ఎండీఎన్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకున్నా, 6 వారాలు పట్టింది. పేజీలో వస్తువులను వరసగా అమర్చే ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ చేతికి రావాలంటే ఒక టిఫిన్ సెంటర్ మెనూ పేజీని ఫోన్‌లోనూ లాప్‌టాప్‌లోనూ చెదరకుండా కట్టి చూడండి, చాలు. కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే గిట్ రెండు రోజుల పని.

తర్వాతే తప్పులో కాలేశా. బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కోచింగ్ సెంటర్‌లో ‘90 రోజుల్లో ఫుల్ స్టాక్’ (సైట్‌లో కనబడే భాగం, వెనక సర్వర్ భాగం రెండూ) అంటే 28 వేలు కట్టా. పేజీని పనిచేయించే భాష జావాస్క్రిప్ట్‌ను 4 రోజుల్లో ముగించి, ఐదో రోజు దాని మీదే నడిచే రియాక్ట్ లైబ్రరీలోకి దింపారు. జావా వస్తే జావాస్క్రిప్ట్ వచ్చినట్టేనని కౌంటర్‌లో ఆయన ధీమా. 1995లో జావా ఊపు చూసి ఆ పేరు తగిలించారు గానీ, అవి రెండూ వేర్వేరు భాషలు బాబూ.

మొదటి ఇంటర్వ్యూ స్క్రీన్ షేర్‌లో. ఒక ఇన్‌పుట్, ఒక బటన్, కింద లిస్ట్. పేరు కొట్టి బటన్ నొక్కితే లిస్ట్‌లో చేరాలి. రియాక్ట్ వాడకూడదు, ఉత్త జావాస్క్రిప్టే. ఇన్‌పుట్‌నూ బటన్‌నూ ఒక ఫారంలో పెట్టి రాశా, నొక్కా. పేరు ఇలా కనబడి అలా మాయమైంది. మళ్లీ నొక్కా, అదే. 20 నిమిషాలు లిస్ట్ కోడే తిరగేస్తూ కూర్చున్నా. చివరికి ఇంటర్వ్యూ చేస్తున్న ఆవిడే, “ఒకసారి అడ్రస్ బార్ చూడండి” అన్నారు. చివర్లో ప్రశ్నార్థకం వచ్చి కూర్చుంది. పేజీ మళ్లీ లోడవుతోందన్న మాట!

ఫారం లోపలి బటన్‌కు టైప్ రాయకపోతే బ్రౌజర్ దాన్ని సబ్మిట్ బటన్ కిందే లెక్కేస్తుంది. పేజీ కొత్తగా లోడవుతుంది, లిస్ట్ తుడిచిపెట్టుకుపోతుంది. టైప్‌ను ‘బటన్’ అని మారిస్తే సరిపోతుందనుకోకండి, ఒకే ఇన్‌పుట్ ఉన్న ఫారంలో ఎంటర్ కొడితే మళ్లీ సబ్మిట్ అవుతుంది. బటన్ క్లిక్‌ను వదిలేసి ఫారం సబ్మిట్ ఈవెంట్‌నే పట్టుకుని, అందులో బ్రౌజర్ తనంతట తాను చేసే పనిని ఆపే ప్రివెంట్‌డిఫాల్ట్ పిలవాలి. ఆ లైను కోచింగ్‌లో యాభైసార్లు కాపీ కొట్టా. ఎందుకుందని ఒక్కసారీ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

ఆ తర్వాత 3 నెలలు రియాక్ట్ ముట్టుకోలేదు. డామ్ (కోడ్‌కు కనబడే పేజీ రూపం), ఈవెంట్లు, ఫెచ్ (సర్వర్ నుంచి డేటా తెచ్చేది), అంతే. ఫెచ్‌తో ఒక చిక్కుంది: సర్వర్ 404 (అడిగింది దొరకలేదు) ఇచ్చినా అది తప్పులను పట్టే క్యాచ్‌లోకి రాదు. రెస్పాన్స్‌లో ఓకే విలువ ట్రూ అవునో కాదో మనమే చూసుకోవాలి. రెండో ఇంటర్వ్యూలో సరిగ్గా ఇదే అడిగారు, గుక్క తిప్పుకోకుండా చెప్పా.

రియాక్ట్ ప్రాజెక్టు మొదలుపెట్టడానికి వైట్ (Vite) అనే టూల్ వాడండి. ప్రాజెక్టును ఆన్‌లైన్‌లో చూపించే గిట్‌హబ్ పేజెస్‌లో పెడితే తెల్ల పేజీ వస్తోందా? వైట్ కాన్ఫిగ్ ఫైలులో బేస్ దగ్గర రెపో (గిట్‌హబ్‌లో ప్రాజెక్టు ఫోల్డర్) పేరు, ముందూ వెనకా స్లాష్‌తో రాయండి. ఫొటోలు మన విండోస్‌లో కనబడి అక్కడ కనబడకపోతే, ఫైలు పేరులో పెద్దక్షరాలు చిన్నక్షరాలు తేడా ఉందేమో చూడండి.

నిన్న ఆ కోచింగ్ సెంటర్ నుంచి ఫోన్, ఫ్లెక్సీ మీద నా ఫొటో వేస్తారట! ఇవ్వనని చెప్పా.