అమ్మను ఎవరూ అడగని ప్రశ్న

నిన్న అమ్మను కొత్త షుగరు డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను. పాత ఆసుపత్రిలో ఏడాదిగా ఒకటే తంతు. గంటన్నర పడిగాపులు, లోపల రెండు నిమిషాలు, "పెరిగింది, తీపి మానేయండి" అన్న మాట, డోసు పెంచుతూ ఒక గీత. ఆయన అమ్మ ముఖం చూసిన గుర్తు నాకు లేదు.

ఈవిడ కంప్యూటర్ తెరను పక్కకు తిప్పి, "మాత్ర వేసుకుంటే ఏమైనా ఇబ్బందిగా ఉంటోందా అమ్మా?" అని అడిగారు. అమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ, "కడుపులో తిప్పుతుందమ్మా. అందుకే రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను" అంది. నేను తెల్లబోయాను. సరిగా వేసుకోని మాత్రకు డోసు పెంచుతూ వచ్చారన్నమాట! (నేనూ ఏనాడూ అడగలేదు, అది వేరే సంగతి.)

అమ్మ వేసుకునే ఆ షుగరు మాత్ర, మెట్‌ఫార్మిన్, పరగడుపున వద్దు, అన్నంతో పాటు వేసుకోమన్నారు. తర్వాత చీటీ వెనక చిన్న గుండ్రాలు గీశారు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుందట. దానికి అంటుకున్న చక్కెరను బట్టి రెండు మూడు నెలల సగటు తెలుస్తుందట. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష అంటే అదే. పరీక్షకు రెండు రోజుల ముందు మాత్రమే పథ్యం చేసే అమ్మ, దొరికిపోయిన దొంగలా నవ్వింది.

మందుల పేర్లు విడివిడిగా, పెద్ద అక్షరాల్లో రాశారు. అలా రాయడం మేలని 2016లోనే వైద్య మండలి నియమావళిలో చేర్చారు. కళ్లారా చూడడం నాకు ఇదే మొదలు.

ఆటో ఎక్కాక అమ్మ అడిగింది, "ఆవిడ మళ్లీ ఎప్పుడు రమ్మంది?"