అర్థశాస్త్రం ఒంటరిగా చదివే చదువు కాదు

విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం తీసుకోవాలనుకునే పిల్లలు, వారి తల్లిదండ్రులు నన్ను సాధారణంగా రెండే ప్రశ్నలు అడుగుతారు: గణితం ఎంత ఉంటుంది, చదివాక ఏ ఉద్యోగం వస్తుంది. రెండూ అడగవలసిన ప్రశ్నలే. గణితం చాలానే ఉంటుంది. కలన గణితం, మాత్రికలు, సంభావ్యత మొదటి ఏడాదిలోనే ఎదురవుతాయి. ఉద్యోగాలంటారా, బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ గణాంక విభాగాలు, పత్రికలు, పరిశోధన సంస్థలు అన్నీ ఈ చదువు చదివినవారిని తీసుకుంటాయి. అయితే ఈ రెండింటికన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది, దాన్ని దాదాపు ఎవరూ అడగరు. ఆ మూడు నాలుగేళ్లు ఎవరితో కలిసి చదువుతాం, ఎవరితో వాదిస్తాం అన్నదే ఆ ప్రశ్న. విద్యార్థి జీవితాన్ని చదువుకు అవతల ఉండే వినోదంగా చూసేవారు అర్థశాస్త్రంలో సగాన్ని వదులుకుంటున్నారని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు గణితం సంగతి చెబుతాను, ఎక్కువమంది భయపడేది అక్కడే కనుక. పాఠ్యపుస్తకంలో ఒక సమీకరణం కనిపించగానే దాన్ని సాధించడమే చదువు అనుకునే విద్యార్థులు ఉన్నారు, సమీకరణాలు లేని అర్థశాస్త్రం ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికేవారూ ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చే సలహా బ్రిటిష్ అర్థశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1906లో సాంఖ్యక శాస్త్రవేత్త ఆర్థర్ బౌలీకి రాసిన ఉత్తరంలో ఉంది. గణితాన్ని సంక్షిప్త లిపిలా వాడుకోవాలి, పని పూర్తయ్యేదాకా దాన్ని వదలకూడదు, వచ్చిన ఫలితాన్ని మామూలు మాటల్లోకి మార్చాలి, నిజ జీవితంలో ముఖ్యమైన ఉదాహరణలతో దాన్ని వివరించాలి, ఆ తరువాత గణితాన్ని తగలబెట్టాలి అన్నాడాయన. ఉదాహరణలు దొరక్కపోతే మామూలు మాటల్లో రాసుకున్నదాన్ని కూడా తగలబెట్టమన్నాడు. మార్షల్ స్వయంగా కేంబ్రిడ్జిలో గణితం చదివి ఉన్నత స్థానంలో నిలిచినవాడు కాబట్టి ఇది గణితం రానివాడి మాట కాదు. ఈ సలహాలో కష్టమైనది ఉదాహరణలు వెతికే దశ, ఒంటరిగా కూర్చున్నవారికి అందనిది కూడా అదే.

ఇదెలా జరుగుతుందో ఒక సందర్భం చెబుతాను. వ్యక్తులు, సంస్థలు తీసుకునే నిర్ణయాలను పరిశీలించే సూక్ష్మ అర్థశాస్త్రంలో ప్రతి విద్యార్థికీ ఎదురయ్యే లెక్క ఒకటుంది: గంటకు ఇచ్చే వేతనం పెరిగితే మనిషి ఎక్కువ గంటలు పనిచేస్తాడా, తక్కువ గంటలా? నలుగురం ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆ లెక్క చేస్తుండగా ఒకరికి జవాబు ధనాత్మకంగా వచ్చింది, మరొకరికి రుణాత్మకంగా వచ్చింది. ఎవరు ఎక్కడ గుర్తు తప్పారో కనిపెట్టడానికి రెండు కాగితాలనూ వరుస వరుసగా పోల్చి చూశాం, ఎక్కడా తప్పు లేదు. అంతలో, సాయంత్రాలు పార్ట్ టైమ్ పనికి వెళ్లే మిత్రుడు, తనకు గంట జీతం పెంచినప్పుడు వారానికి ఒక షిఫ్టు మానుకున్నానని, ఫీజుకు కావలసినంత వస్తే చాలు, మిగిలిన సమయం చదువుకుంటానని చెప్పాడు. మాలో మరొకరు, జీతం పెరిగితే తానైతే ఇంకో షిఫ్టు అడిగి తీసుకుంటానన్నారు. ప్రత్యామ్నాయ ప్రభావం (గంట విలువ పెరిగింది కనుక ఎక్కువ పనిచేయడం), ఆదాయ ప్రభావం (కావలసినంత వస్తోంది కనుక తక్కువ పనిచేయడం) అని పుస్తకం విడదీసి చెప్పేది ఆ ఇద్దరి మాటల్లో ఎదురెదురుగా వచ్చి నిలబడింది. ఏ ప్రభావం బలంగా ఉంటుందో సమీకరణం తనంతట తాను చెప్పదు, అది ఆ మనిషి అవసరాల మీద ఆధారపడి ఉంటుంది. ఆ బల్ల దగ్గర మా మిత్రుడు లేకపోయి ఉంటే మేం ఆ లెక్కను జవాబుల పట్టికతో సరిచూసుకుని ముందుకు వెళ్లిపోయేవాళ్లం.

ఈ శాస్త్రం చరిత్రలోనూ ఇలాంటి బల్లలున్నాయి. 1930లో బ్రిటిష్ అర్థశాస్త్రవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ ద్రవ్యం మీద తన పెద్ద గ్రంథాన్ని ప్రచురించాక, కేంబ్రిడ్జిలో కొందరు యువ అర్థశాస్త్రవేత్తలు దాన్ని అంశాలవారీగా చర్చించడానికి సమావేశమవడం మొదలుపెట్టారు. రిచర్డ్ కాన్, జోన్ రాబిన్సన్, ఆస్టిన్ రాబిన్సన్, పియరో స్రాఫా, ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన జేమ్స్ మీడ్ ఆ బృందంలోని వారు. ఎంపిక చేసిన కొందరు విద్యార్థులనూ అందులోకి రానిచ్చేవారు. కీన్స్ ఆ సమావేశాలకు వచ్చేవాడు కాదు. అక్కడ తేలిన అభ్యంతరాలను కాన్ ఆయన దగ్గరికి తీసుకెళ్లేవాడు, ఆయన జవాబులను తిరిగి బృందానికి చేరవేసేవాడు. 1936లో వెలువడిన కీన్స్ ప్రసిద్ధ సిద్ధాంతం రూపుదిద్దుకోవడంలో ఆ చర్చలకు చోటుందని ఆర్థిక చింతన చరిత్రకారులు రాస్తారు. అప్పటికి మీడ్‌కు ఇరవై మూడేళ్లు, కాన్‌కు ఇరవై అయిదు. పేరుమోసిన పండితుడి పుస్తకంలో ఈ వాదన నిలవదని ఆ వయసులో చెప్పగలగడానికి తెలివి ఒక్కటే సరిపోదు, తమ మాటను ముందుగా పరీక్షించి చూసే తోటివారు కావాలి.

ఇక గణాంకాల దగ్గరికి వస్తే, విద్యార్థి దశలో దొరికే గొప్ప అవకాశం ముడి సమాచారాన్ని తాకి చూడడం. వార్తల్లో నిరుద్యోగ శాతం అని ఒక అంకె వస్తుంది, మనం దాని మీద అభిప్రాయాలు చెబుతాం. సర్వే ప్రశ్నావళిని తెరిచి చదివిన విద్యార్థికి మాత్రమే ఆ అంకె వెనుక ఎన్ని నిర్ణయాలు దాగి ఉన్నాయో తెలుస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణాల ప్రకారం నిరుద్యోగి అంటే పని లేనివాడు మాత్రమే కాదు. పని చేయడానికి సిద్ధంగా ఉండాలి, ఇటీవలి కాలంలో పని కోసం వెతికి ఉండాలి. వెతికి వెతికి విసిగి మానేసిన మనిషి ఈ లెక్కలోకి రాడు, శ్రామిక శక్తి నుంచే బయటికి పోతాడు. గణన చేసిన వారంలో ఒక్క గంట వేతనానికి పనిచేసినా ఉద్యోగం ఉన్నవాడి కిందే లెక్క. నిరుద్యోగ శాతం తగ్గిందంటే అందరికీ పని దొరికిందని కాకపోవచ్చు, కొందరు ఆశ వదులుకున్నారని కావచ్చు. తరగతిలో ఈ నిర్వచనం ఒక పరీక్ష ప్రశ్న. అదే సర్వే ఫైలులో 'పని వెతకడం లేదు, ఎందుకంటే దొరకదని తెలుసు' అన్న జవాబును గుర్తించే కోడ్ ఎదురుగా కనిపించినప్పుడు అది మనుషుల సంగతి అవుతుంది.

కంప్యూటర్ ల్యాబ్‌లో మరో చిన్న విషయం కూడా నేర్చుకుంటారు. సర్వేల్లో జవాబు చెప్పనివారి దగ్గర 99 అనో 999 అనో వేసి వదిలేయడం మామూలే. వారానికి పనిచేసిన గంటల వరుసలో ఆ 99లను అలాగే ఉంచి సగటు తీస్తే మనుషులు ఉన్నదానికన్నా ఎంతో ఎక్కువ కష్టపడుతున్నట్టు తేలుతుంది. సాఫ్ట్‌వేర్ అభ్యంతరం చెప్పదు, అడిగిన సగటు చూపించి ఊరుకుంటుంది. రిగ్రెషన్ (ఒక అంశం మారితే మరొకటి ఎంత మారుతుందో అంచనా వేసే లెక్క) నడిపే ముందు ప్రతి వరుసలోనూ కనిష్ఠం, గరిష్ఠం చూసుకోవాలన్న అలవాటును పక్క కుర్చీలోని విద్యార్థి నేర్పుతాడు తప్ప ఎకనామెట్రిక్స్ (ఆర్థిక సమాచారాన్ని గణాంక పద్ధతులతో పరీక్షించే శాఖ) పుస్తకం నేర్పడం నేను తక్కువగా చూశాను.

ఆ ఎకనామెట్రిక్స్ విలువ తెలిసేది ఒక పాత వివాదాన్ని దగ్గరగా చూసినప్పుడు. కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు తగ్గుతాయని మొదటి ఏడాది పాఠంలోని సప్లై డిమాండ్ బొమ్మ చెబుతుంది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 1992 ఏప్రిల్‌లో గంటకు కనీస వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది, పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. అర్థశాస్త్రవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండు ప్రాంతాల్లోనూ కలిపి 410 ఫాస్ట్ ఫుడ్ దుకాణాలను పెంపుకు ముందు, తరువాత పరిశీలించి 1994లో ఫలితాలు ప్రచురించారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన సూచన వారికి కనిపించలేదు. ఆ తరువాత వేరే పరిశోధకులు జీతాల రికార్డులతో లెక్క తిరగేసి దాన్ని ప్రశ్నించారు, కార్డ్, క్రూగర్ మళ్లీ జవాబిచ్చారు. 2021లో కార్డ్‌కు నోబెల్ వచ్చింది, అప్పటికి రెండేళ్ల ముందే క్రూగర్ మరణించాడు. ఈ రెండు పక్షాల వ్యాసాలను చెరొకరు తీసుకుని సెమినార్‌లో సమర్థించే అవకాశం ఎక్కడ దొరికినా వదులుకోవద్దని నేను ప్రతి విద్యార్థికీ చెబుతాను. తమకు నచ్చని పక్షం చేతికొస్తే ఇంకా మంచిది.

పాఠ్యాంశాల మీద అసంతృప్తి కూడా విద్యార్థి జీవితంలో భాగమే, అది గౌరవించదగ్గ భాగమని నా అభిప్రాయం. 2000లో ఫ్రాన్సులో అర్థశాస్త్ర విద్యార్థులు తమకు చెబుతున్న పాఠాలు వాస్తవ ప్రపంచానికి దూరమయ్యాయని, గణితం సాధనంగా ఉండవలసింది పోయి లక్ష్యమైందని బహిరంగ లేఖ రాశారు. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత ఇలాంటి ప్రశ్నలు చాలా దేశాల విశ్వవిద్యాలయాల్లో లేచాయి. 2011 నవంబరులో హార్వర్డ్‌లో కొందరు విద్యార్థులు ప్రాథమిక అర్థశాస్త్రం తరగతి నుంచి లేచి బయటికి వెళ్లిపోయారు. సంక్షోభాల చరిత్ర, అసమానతలు, ఆర్థిక చింతన చరిత్ర తమకు చెప్పాలని వారు కోరడం న్యాయమే. కానీ ఆర్థిక నమూనాను (మోడల్‌ను) పూర్తిగా నేర్చుకోకుండానే తిరస్కరించేవారి మాటకు బలం ఉండదు. ఒక నమూనా ఏ ఊహల మీద నిలబడిందో, వాటిలో ఏది తీసేస్తే ఏది కూలుతుందో చెప్పగలిగినవారే దాన్ని విమర్శించడానికి అర్హులు. ఆర్థిక చింతన చరిత్ర ఐచ్ఛికాంశంగా ఉంటే మార్కులు తక్కువ వస్తాయన్న భయం పక్కన పెట్టి తప్పకుండా తీసుకోవాలి.

తరగతికి బయటి సంఘాల గురించి కూడా చెప్పాలి. అర్థశాస్త్ర విద్యార్థి సంఘంలో కోశాధికారి పదవి ఖాళీ ఉంటే పోటీ చేయండి. సభ్యత్వ రుసుము స్వచ్ఛందం, కార్యక్రమాలు అందరికీ ఉచితం అన్న నియమం ఉన్న సంఘంలో రుసుము చెల్లించేవారు ఏడాది గడిచేసరికి ఎలా తగ్గిపోతారో, మళ్లీ చెల్లించేలా చేయడానికి ఏం చేయాలో ఆ పదవిలో ఉన్నవారికి తెలుస్తుంది. ఉమ్మడి వనరులను వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని ఎన్నో దేశాల అడవులు, నీటి వనరుల మీద పరిశోధనతో చూపిన ఎలినార్ ఆస్ట్రామ్ 2009లో ఈ రంగంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ అయింది. ఖాళీ ఖజానాతో ఒక ఏడాది నడిపినవారు ఆమె వ్యాసాలను చదివే తీరు వేరుగా ఉంటుంది.

ఇతర శాఖల స్నేహితులు కూడా అంతే అవసరం. బిల్ ఫిలిప్స్ ఇంజనీరు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో సామాజిక శాస్త్రం చదువుతూ అర్థశాస్త్రం వైపు మళ్లాడు. దేశ ఆదాయ ప్రవాహాలను గొట్టాల్లో పారే నీటితో చూపించే యంత్రాన్ని, లీడ్స్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న మిత్రుడు వాల్టర్ న్యూలిన్ తోడ్పాటుతో తయారుచేసి 1949లో ప్రదర్శించాడు. పొదుపు, పన్నులు, దిగుమతులు ఆదాయ ప్రవాహం నుంచి ఎలా బయటికి పోతాయో ఆచార్యులు కళ్లారా చూశారు. నిరుద్యోగానికీ వేతనాల పెరుగుదలకూ ఉన్న సంబంధాన్ని చూపే, ఇప్పుడు ఆయన పేరుతోనే పిలిచే వక్రరేఖ 1958లో వచ్చింది.

చివరి ఏడాది డిసర్టేషన్ (సొంత పరిశోధనతో రాసే సుదీర్ఘ వ్యాసం) రాసేటప్పుడు ఇవన్నీ ఒకచోటికి వస్తాయి. ప్రశ్న చిన్నదిగా ఎంచుకోండి. 'ద్రవ్యోల్బణానికి కారణాలు' అన్నది ఒక విద్యార్థికి ఒక్క ఏడాదిలో తేలే విషయం కాదు, ఒకే వస్తువు ధర మీద ఒకే పన్ను మార్పు చూపిన ప్రభావం తేలవచ్చు. సమాచారం దొరుకుతుందో లేదో చూసుకున్నాకే అంశాన్ని ఖరారు చేయండి. మొదటి చిత్తుప్రతిని మార్గదర్శకుడికి ఇచ్చే ముందు, అర్థశాస్త్రం చదవని మిత్రుడి చేతికి ఒక పెన్సిలుతో పాటు ఇచ్చి, అర్థం కాని ప్రతిచోటా గీత పెట్టమనండి. ఆ గీతలున్న వాక్యాలను తిరగరాయడానికి గడువుకు ముందు కనీసం రెండు వారాలు మిగుల్చుకోండి, ఎందుకంటే వాటిలో కొన్నింటి దగ్గర సరిచేయవలసింది వాక్యం కాదని, దాని వెనుకనున్న వాదనేనని తేలుతుంది.