గేటుకు తగిలించిన సంచి

పదకొండు దాటింది. నిద్ర పట్టడం లేదు. మా గేటుకు తగిలించిన సంచిలోంచి పాల ప్యాకెట్లు పోతున్న గొడవ ఇవాళ తేలింది. తేలాక మనసు ఇంకా బరువెక్కింది.

తీసింది ఎదురుగా ఇల్లు కడుతున్న సైటులో ఉండే పిల్లాడే. పదేళ్ళుంటాయేమో. మూలింటాయన కెమెరాలో పడ్డాడు. ఐదున్నరకు మా గేటు సంచిలోంచి అర లీటరు ప్యాకెట్ తీసి, చొక్కాలో దోపుకుని ఒకటే పరుగు. అత్తమ్మ "నేను చెప్పలే?" అంది. పక్కింటి వదిన "మొహం చూస్తేనే తెలీదా మ్మే" అంది. ఆ మాట దగ్గర నాకు మంట మొదలైంది. నిన్నటిదాకా ఆమే ఆ పిల్లాడిని అంగడికి పంపి కరివేపాకు తెప్పించుకుని చేతిలో బిస్కెట్టు పెట్టేది. నిన్న ఆ మొహంలో కనపడని దొంగతనం ఇవాళ ఎట్లా కనపడింది?

మా చిన్నదానికి లా పరీక్షలు. ఈ వారమంతా క్రిమినాలజీ, అంటే నేరాల శాస్త్రం. వంటింటి గడప మీద కూర్చుని పైకి చదువుతుంటే, నేను అనపగింజలు పితుకుతూ వింటున్నాను. లాంబ్రోసో అని ఇటలీ డాక్టరు ఒకాయన పుర్రెలు, దవడలు, చెవులు కొలిచి, కొందరు పుట్టుకతోనే నేరస్థులని 1876లో పుస్తకం రాశాడట. ఇంగ్లాండులో గోరింగ్ అనే జైలు డాక్టరు మూడు వేల మందికి పైగా ఖైదీలను కొలిపించి, మామూలు జనంతో పోల్చి చూసి, నేరస్థుడి మొహమంటూ వేరే ఏదీ లేదని 1913లో తేల్చాడు. వందేళ్ళ కిందట తేలిపోయిన సంగతి అది. వదిన ఎంత ధీమాగా అందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

అక్కడితో అయిపోలేదు. మధ్యాహ్నానికి వీధి వాట్సాప్ గ్రూపులో పిల్లాడి ఫొటో వచ్చింది. మొహం చుట్టూ ఎర్రగా గీసి, కింద "దొంగ, జాగ్రత్త" అని రాశారు. నలభై ఇళ్ళ వాళ్ళున్నారు అందులో. వరసగా బొటనవేళ్ళు పడ్డాయి. నేనూ పెట్టాను. కుక్కర్ విజిల్ వేస్తుంటే ఒక చేత్తో ఫోన్ తీసి, సరిగ్గా చూడకుండానే పెట్టేశాను. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ బొటనవేలి గురించే.

సాయంత్రం చిన్నది బెకర్ అనే అమెరికా ప్రొఫెసరు పాఠం చదివింది. 1963లో వచ్చిన పుస్తకమట. ఒక పని తనంతట తానే నేరం కాదు, నలుగురూ కలిసి ఒకడికి ఆ పేరు అంటించాక వాడు ఆ పేరుకు తగ్గట్టే బతకడం మొదలుపెడతాడు అంటాడు. మధ్యలో "అమ్మా, కేడీ అంటాం కదా, అది మన మాట కాదు తెలుసా" అంది. పోలీసు రికార్డులో "నోన్ డిప్రెడేటర్", అంటే పేరుపడ్డ దొంగ, అని రాసుకునే రెండు ఇంగ్లీషు అక్షరాలట, కె, డి. పిల్లలు అల్లరి చేస్తే ఎన్నిసార్లు కేడీ వెధవా అని ఉంటాను! చేతిలో గింజలు అట్లానే ఉండిపోయాయి.

అప్పుడే అవ్వ గుర్తొచ్చింది. చిత్తూరులో మా ఇంటికి బుట్టలు, చేటలు అమ్మడానికి ఒక ఎరుకలామె వచ్చేది. అవ్వ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి సంగటి పెట్టేది, కానీ ఆమె ఉన్నంతసేపూ ఇత్తడి చెంబు లోపలే. ఎందుకవ్వా అంటే, "వాళ్ళ మొగోళ్ళు ఒకప్పుడు రోజూ టేషన్‌కు పోయి కనపడి రావాల్సి ఉన్నిందిలే" అనేది. అది బ్రిటిషోళ్ళ చట్టమని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. 1871లో తెచ్చారు, 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. కులం మొత్తాన్నీ నేరస్థ జాతి అని రాసేశారు. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్ముకున్న వాళ్ళు వాళ్ళు. ఉప్పు చట్టాలు, రైళ్ళు వచ్చి ఆ వ్యాపారం పోయింది. బతుకు తెరువు పోయాక దొంగలన్నారు. 1952లో చట్టం రద్దయింది. మా అవ్వ ఇంట్లో మాత్రం ఎనభైల్లోనూ చెంబు లోపలే ఉండేది.

కాబట్టి తప్పంతా పేరు పెట్టిన వాళ్ళదే, ఫొటో పెట్టిన వాళ్ళదే అని రాద్దామనే కూర్చున్నాను. ఇక్కడిదాకా వచ్చాక చెయ్యి ఆడలేదు. వాడు మొదటి ప్యాకెట్ తీసినప్పుడు వాడికి ఏ పేరూ లేదు కదా. బిస్కెట్టు తినే మంచి పిల్లాడే కదా. ఇదే చిన్నదాన్ని అడిగితే, లెమర్ట్ అనే ఆయన 1951లోనే మొదటి తప్పు వేరు, పేరు పడ్డాక చేసే తప్పులు వేరు అని విడదీశాడంది. మొదటిదానికి కారణాలు వెయ్యి ఉండొచ్చట.

నేను పొద్దున ఆకలి అనుకున్నాను. పాలు కాబట్టి. అది కాదు. వాళ్ళమ్మ రెక్క పట్టుకుని గేటు దగ్గరికి ఈడ్చుకొచ్చి కొడుతుంటే చెప్పాడు, మలుపులో టీ బంకుకు పది రూపాయలకు అమ్మాడట. ఆ డబ్బుతో చిప్సు, కూల్ డ్రింకు. నాకు మనసులో చిన్న నిరాశ కలిగింది. ఆకలి అని ఉంటే నా జాలికి పని ఉండేది.

ఇదే నిరాశ నాకు ఇంతకుముందు ఒకసారి తెలుసు. గిరింపేటలో నాన్న అంగడిలో పని చేసిన పిల్లాడు. పదమూడేళ్ళవాడు. గల్లాపెట్టెలోంచి రెండు రూపాయలు తీసి దొరికాడు. నాన్న ఒక్కటి అంటించి ఊరుకున్నాడు. నెల తిరక్కుండా మళ్ళీ తీశాడు, ఈసారి ఐదు. నాన్న కొట్టలేదు. "ఎందుకురా" అన్నాడు. నేను బెల్లం బుట్ట వెనక నిలబడి, వాళ్ళ చెల్లికి జ్వరమనో, ఇంట్లో బియ్యం లేవనో చెప్తాడని చూస్తున్నా. "సినిమాకన్నా" అన్నాడు. స్నేహితులు పిలిచారట. చెల్లీ లేదు, జ్వరమూ లేదు. ఆ రోజు నుంచి నాన్న సాయంత్రం గల్లా లెక్క వాడి చేతే పెట్టించాడు. వాడు గట్టిగా చదివేవాడు, నాన్న పుస్తకంలో రాసుకునేవాడు. అమ్మ వారం రోజులు నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు. వాడు నాలుగేళ్ళు ఉన్నాడు. లెక్కలో తేడా వచ్చిందో లేదో నాన్న ఎప్పుడూ చెప్పలేదు.

నాన్న మెతక మనిషి అనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇవాళ చిన్నది హిర్షీ అనే ఇంకో పండితుడి దగ్గరికొచ్చింది. 1969లో వచ్చిన పుస్తకం. మనుషులు తప్పు ఎందుకు చేస్తారని కాదు, ఎక్కువమంది ఎందుకు చేయడం లేదని అడగాలంటాడు. మనవాళ్ళ మీద అభిమానం, పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండడం, చేతినిండా పని, నమ్మకం, ఇవి పట్టి ఉంచుతాయట. నాన్న వాడికి పోగొట్టుకోవడానికి ఒకటి ఇచ్చాడా? ఈ పిల్లాడికి బడి లేదు, ఆరు నెలలకో సైటు. వాడు ఇక్కడ పోగొట్టుకునేది ఏముంది, మా వదిన బిస్కెట్టు తప్ప. అదీ ఇవాళ మేమే తీసేశాం.

ఇంతకీ టీ బంకు ఆయన మాట ఎవరూ ఎత్తడం లేదు. తెల్లారుజామున పదేళ్ళ పిల్లాడు సీలున్న ప్యాకెట్ పది రూపాయలకు ఇస్తే అది ఎక్కడిదో ఆయనకు తెలీదా? ఆయనా ఆ గ్రూపులోనే ఉన్నాడు. ఆయనా బొటనవేలు పెట్టాడు. నాకు అన్నిటికంటే కోపం దీని మీదే. సదర్లాండ్ అనే అమెరికా ప్రొఫెసరు 1939లో తోటి పండితుల ముందే నిలబడి, మీరు పేదవాళ్ళ నేరాలనే లెక్కపెడుతున్నారు, తెల్ల చొక్కాల పెద్దమనుషుల్ని చూడట్లేదు అన్నాడట. మన పేపర్లలో చూస్తూనే ఉంటాం. ఎర్రచందనం దుంగల వెనక కూలీలను వరసగా కూర్చోబెట్టి ఫొటో తీస్తారు. కొండ ఎక్కించినవాడు, సముద్రం దాటించి కొనేవాడు ఆ ఫొటోలో ఉండరు.

కేసే అయ్యి ఉంటే ఈ పిల్లాడి ఫొటో, పేరు ఎక్కడా వేయకూడదట. వేస్తే 2015 బాలల న్యాయ చట్టంలో ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయంది చిన్నది. కేసు లేదు కాబట్టి ఫొటో వీధంతా తిరుగుతోంది.

పితికిపప్పు బాగా కుదిరింది. చిన్నది సంగటితో రెండోసారి పెట్టించుకుంది.

తొమ్మిదింటికి బొటనవేలు తీసేసి, ఫొటో తీసేయండి, చిన్నపిల్లాడు అని గ్రూపులో రాశాను. ఇప్పటికి ముప్పై ఒక్క మంది చూశారు. ఒక్కరూ పలకలేదు. ఫొటో అట్లానే ఉంది. రోజూ చీకటి పడే వేళకు ఆ పిల్లాడి అమ్మ మా కుళాయిలో రెండు బిందెలు పట్టుకునేది, ఇవాళ రాలేదు. అత్తమ్మ కూడా గమనించింది, "నీళ్ళకు రాలేదేమే ఆ పిల్ల" అని రెండుసార్లు అడిగింది. పొద్దున నేనే సైటుకు పోయి పిలవాలి. పాలబ్బాయికి ఫోన్ చేసి సంచిలో వేయొద్దు, బెల్లు కొట్టమని చెప్పాను.